వరాలు గొంతుక్కూర్చున్న చోట్లు

పోయిన నెల మా పక్క వాటాలో ఉండే అమ్మాయి తన ఆర్నెల్ల కొడుకును హైదరాబాదులో గుండె డాక్టరుకు చూపించడానికి వెళుతూ, భర్తకు సెలవు దొరకక నన్ను తోడు రమ్మంది. తోడన్నది పేరుకే. ఆసుపత్రి మెట్లు ఎక్కేటప్పుడు ఒక చేత్తో పిల్లవాణ్ని, ఇంకో చేత్తో నన్ను పట్టుకుని ఆ అమ్మాయే ఇద్దరినీ మోసింది. లోపల నర్సు పిల్లవాడి కాలి బొటనవేలికి బట్టలారేసే క్లిప్పు లాంటిదేదో తగిలించింది. అందులో ఎర్రదీపం వెలిగి, పక్కనున్న పెట్టె మీద ఒక అంకె కనిపించింది. ఆ అంకె చూసి, గుండె చప్పుడు విని, మా మనవడి ఈడున్న డాక్టరు కాగితం మీద గుండె బొమ్మ గీశాడు. లోపలి గోడకు చిల్లు ఉందన్నాడు. ఊపిరితిత్తులకు రక్తం పోయే దారి ఇరుకుగా ఉంది, అందుకని చెడు రక్తం మంచి రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతోంది, పెదవుల నీలం అదేనన్నాడు. ఇంకొన్ని నెలలు బరువు పెరగనిచ్చి చిల్లు మూస్తామనీ, దారి వెడల్పు చేస్తామనీ, ఆ తర్వాత మాత్రం బతికినంత కాలం ఏడాదికోసారి చూపించుకుంటూ ఉండాలనీ చెప్పాడు. తల్లి ఏడుస్తోంది. నేను ఊరుకోలేక, నడక నేర్చాక వీడు నాలుగడుగులు వేసి గొంతుక్కూర్చుంటాడా అని అడిగాను. ఆయన కలం కింద పెట్టాడు.

"అది మీకెట్లా తెలుసమ్మా? మేమే పుస్తకాల్లో చదువుకున్నాం తప్ప పెద్దగా చూడలేదు. ఇప్పుడు నడిచే ఈడు రాకముందే ఆపరేషన్ అయిపోతుంది కదా."

నేను చూశాను. చూడటమేమిటి, దాని మీద నెలల తరబడి వ్యాపారం చేశాను. ఆ మాట ఏడుస్తున్న తల్లి ముందు చెప్పడం బాగుండదని నోరు మూసుకున్నాను. ఇక్కడ చెబుతాను.

మాది సూర్యాపేట. బజారు వైపు దుకాణం, దాని వెనక ఇల్లు, ఇంటి వెనక నీలిమందు తొట్లు. బాపు నేతవాళ్లకు నూలు రంగు వేయించి ఇచ్చేవాడు, వాళ్లు నేసి తెచ్చిన ముతక చీరలు అమ్మేవాడు. పొద్దున లేస్తూనే ముక్కుకు తగిలేది పులిసిన నీలిమందు వాసన. సున్నం, బెల్లం వేసి తొట్లలో రోజుల తరబడి నాననిస్తే వచ్చే ఆ వాసన అన్నానికీ మజ్జిగకూ కూడా పట్టేది. వచ్చిన చుట్టాలు పైట ముక్కుకు అడ్డం పెట్టుకునేవారు. మాకేమో ఆ వాసన లేని ఊళ్లో నిద్ర పట్టేది కాదు. బాపు దుకాణం తలుపులు తీసి సాంబ్రాణి వేసేవాడు. నాయనమ్మ గంజి పెట్టిన చీరలను ఒక్కొక్కటే మడత విప్పి, కొస పంటి కింద పెట్టి నూలు మంచిదో కాదో చెప్పేది. ఆమె నోట్లో అప్పటికి నాలుగే పళ్లు. ఆ నాలుగూ మా దుకాణం ఆస్తి అని బాపు అనేవాడు.

మా ఇంట్లో పిల్లలకు అక్షరాల కంటే ముందు బేరం వచ్చేది. నిలబడి ధర అడిగేవాడు పోయేవాడని, గొంతుక్కూర్చుని అడిగేవాడు కొనేవాడని, అలా కూర్చున్నవాణ్ని లేవనివ్వకూడదని బాపు గద్దె మీద కూర్చుని పాఠం చెప్పేవాడు. అందరిలోకీ నాకు ఆ పాఠం బాగా ఒంటబట్టింది. ఇప్పటికీ దేవుడి ముందు కొబ్బరికాయ కొట్టేటప్పుడు అరచెక్క వెనక్కి వస్తుందా లేదా అని ఒక కన్ను పూజారి చేతి మీదే ఉంటుంది. కొన్నదాని మీద కొసరు రాకపోతే నాకు కొన్నట్టే ఉండదు. గాజుల మీద ఒక గాజు, బెల్లం మీద ఒక ముక్క, పుట్నాల మీద ఒక పిడికెడు. ఆ పైది రాబట్టడంలోనే నా తెలివంతా.

వరాలు నా చెల్లెలు, నాకంటే నాలుగేళ్లు చిన్న. పుట్టినప్పుడు అందరి పిల్లల్లాగే ఉందట. దోగాడే ఈడులో ఒకనాడు నాయనమ్మ దాని గోళ్లు చూసి, పిల్లను తొట్ల దగ్గరికి ఎట్లా పోనిచ్చావని మా అమ్మను తిట్టింది. చింతపండు పెట్టి తోమింది. రంగు పోలేదు. మర్నాడు కుంకుడురసం, ఆ మర్నాడు నిమ్మచెక్క. నీలం నీలంగానే ఉంది. పెదవులు కూడా అట్లాగే ఉన్నాయని అమ్మ అంటే, తొట్లో చెయ్యి పెట్టిన పిల్ల ఆ చెయ్యి నోట్లో పెట్టుకోదా అన్నారు. ఇంకో ఇంట్లోనైతే పిల్లకేదో రోగమని భయపడేవారు. మా ఇంట్లో సంతోషపడ్డారు. బాపు దాన్ని గద్దె మీద పక్కన కూర్చోబెట్టుకుని, చీరల కోసం వచ్చిన ఆడవాళ్లకు దాని వేళ్లు పట్టి చూపించేవాడు. చిన్నప్పుడు ఒక్కసారి తొట్టి ముట్టుకుంది, ఇన్నేళ్లు ఎన్ని తీర్ల తోమినా పోలేదు, ఇగ చీర సంగతి మీరే ఆలోచించుకోండి అనేవాడు. ఆ మాట నమ్మి కొన్నవాళ్లున్నారు. అబద్ధం చెబుతున్నానని బాపు అనుకోలేదు. ఆయనా నమ్మాడు.

వరాలు ఆలస్యంగా నడిచింది. నడిచినా కొంత దూరం పోగానే ఆగి, గొంతుక్కూర్చుని, మోకాళ్లు గుండెలకు ఆనించి, వాటి మీద గడ్డం పెట్టుకునేది. పరుగెత్తి వచ్చిన కుక్కపిల్లలా ఎగరోజేది. కాసేపటికి ఊపిరి నెమ్మదించి తనే లేచేది. ఎవరూ నేర్పలేదు దానికి. బజారంతా మాత్రం పిల్లకు పుట్టుకతోనే బేరం వచ్చిందని నవ్వేది. నడిరోడ్డు మీద కూర్చుంటే గాలితో బేరమాడుతోందనేవారు. మా ఇంట్లో మొండిదన్నారు. నాయనమ్మకు దాని ఒళ్లు వేడెక్కినా, కడుపు నొచ్చినా, ఏమీ లేకపోయినా మందు ఒక్కటే, లంఖణం. అన్నం లేదు, నీళ్లు కూడా చెంచాతో లెక్కపెట్టి పోసేది.

నా వ్యాపారం గాజుల ఈరమ్మ దగ్గర మొదలైంది. బజారు కొసన ఉండేది ఆమె దుకాణం. ఒక బతుకమ్మ పండుగకు ముందు గాజులు కొనడానికి అమ్మ నన్ను పంపితే వరాలు వెంటబడింది. నేను ఇంకో రెండు గాజులు వెయ్యమని ఎంతగానో పీకులాడుతున్నాను, ఈరమ్మ వినడం లేదు. అంతలో వరాలు ఆమె గాజుల మలారం ముందు కూలబడింది. పెదవులు నేరేడుపండు రంగులోకి తిరిగాయి. ఈరమ్మ దాన్ని చూసి, నన్ను చూసి, నాలుగు గాజులు చేతిలో పెట్టి, పిల్లను ఇంటికి పట్టుకపొమ్మంది. నేను ముఖం దించుకుని తీసుకున్నాను. ఇంటికి వచ్చేదారిలో నా బుర్ర గిరగిర తిరిగింది. ఆ తర్వాత ఏం కొనాలన్నా వరాలు కావాల్సిందే. మా గడప నుంచి అది ఎన్ని అడుగులకు కూర్చుంటుందో లెక్కబెట్టాను. ఈరమ్మ దగ్గరికి నాలుగు వందల పైచిలుకు. సరిగ్గా దాని ఊపిరి అయిపోయే చోట నేను బేరం మొదలుపెట్టేదాన్ని. వాటా మాత్రం న్యాయంగా పంచాను. గాజులైతే దానికొకటి, బెల్లమైతే పెద్ద ముక్క దానిదే.

కొన్నాళ్లకు చిక్కు వచ్చింది. వరాలు ఈరమ్మ దాకా రాకుండానే కూర్చోవడం మొదలుపెట్టింది. ముందు కూర్చుంటే లేచి నడిచేసరికి రంగు వెనక్కి పోయి, ఈరమ్మ ముందు బేరం చెడిపోయేది. వ్యాపారి అన్నవాడు గిరాకీ ఎక్కడుంటే దుకాణం అక్కడ పెడతాడు. నేను గాజులు మానేసి బెల్లానికి మారాను. బెల్లం నర్సయ్య దుకాణం మూడు వందల అడుగుల్లో ఉంది. ఇంకొన్నాళ్లకు అదీ దూరమైంది. ఉగాది నాటికి పుట్నాల బుచ్చమ్మ దగ్గరికి వచ్చాం. ఆమె బట్టీ మా ఇంటికి నాలుగు దుకాణాల అవతల. అడుగులు తగ్గుతున్నాయని నాకు తెలుసు. ఎందుకు తగ్గుతున్నాయని అడగాలని మాత్రం తోచలేదు. బేరగాళ్లకు అదొక గుడ్డితనం. సరుకు చౌక అవుతుంటే ఎందుకని అడగరు.

అవి పోలీసు చర్య జరిగిన తర్వాతి రోజులు. అంతకుముందు భయంతో సగం మూసి ఉన్న బజారు మళ్లీ నిండుగా తెరిచారు, వారానికోసారి జరిగే అంగడి కిక్కిరిసి సాగుతోంది. ఆ ఎండాకాలం ఎక్కడి నుంచో ఒకాయన రేకు పెట్టెలు తెచ్చి అంగట్లో పెట్టాడు. మూత లోపల అద్దం ఉన్న చిన్న పెట్టె మీద నా ప్రాణం పడింది. ఆయన కొత్తవాడు, కొసరన్నా తగ్గడమన్నా తెలియనివాడు. అంగడి మైదానం మా ఇంటికి చాలా దూరం, వరాలు ఎప్పుడూ అంత దూరం నడవలేదు. పైగా ముందురోజే దానికి వాంతులై, నాయనమ్మ లంఖణం పెట్టింది. అన్నీ తెలిసే తీసుకుపోయాను. దారిలో రెండుసార్లు కూర్చుంది. ఇంకొంచెమే, ఇంకొంచెమే అని లేపాను. నా జీవితంలో నేను ఆడిన బేరాల్లో సిగ్గుపడాల్సింది అదొక్కటే, ఎందుకంటే అవతలివైపు ఉన్నది ఎనిమిదేళ్ల పిల్ల, అది ప్రతిసారీ ఒప్పుకుంది.

పెట్టెల ముందుకు వచ్చాక అది కూర్చోలేదు. పడిపోయింది. నీలం కాదు, నల్లగా అయింది. కళ్లు పైకి పోయాయి. చుట్టూ జనం చేరి, వెల్లకిలా పడుకోబెట్టి, ఒకరు నీళ్లు కొడుతున్నారు, ఒకరు చెప్పు వాసన చూపించమంటున్నారు. అప్పుడు పక్కనే గొంగళ్లు అమ్ముకుంటున్న ఒక గొల్ల ముసలమ్మ జనాన్ని తోసుకుని వచ్చింది. ఆత్మకూరు నుంచి ప్రతి అంగడికీ వచ్చేది. ఇంతకుముందు ఎన్నోసార్లు మమ్మల్ని బజారులో చూసిందట.

"సాపుగ పండవెట్టకుండ్రి దాన్ని" అంది. నా వైపు తిరిగి, "అదెట్ల కూసుంటదో నీకెరుక లేదా పోరీ? దానికెరుకున్నది నీకు లేకపాయె."

ముసలమ్మ వరాలు మోకాళ్లు మడిచి దాని గుండెలకేసి గట్టిగా అదిమి, అట్లాగే తన ఒళ్లోకి ఎత్తుకుని కూర్చుంది. గొర్రెపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుని ఊగుతూ ఉంది. ఎంతసేపో నాకు తెలియదు. వరాలు సన్నగా మూలిగింది. నలుపు నీలంలోకి వచ్చింది. దానికి ఎప్పుడూ ఉండే నీలం. ఆ రంగు చూసి అంత సంతోషపడ్డవాళ్లు మా వంశంలో నేనొక్కదాన్నే. ముసలమ్మ దాన్ని భుజం మీద వేసుకుని మా ఇంటిదాకా వచ్చి, బాపుతో ఒకటే చెప్పింది. ఈ పిల్ల మొండిది కాదయ్యా, బతకనీకి కూసుంటున్నది అని.

మిర్యాలగూడలో పిల్లల వైద్యం బాగా చేసే డాక్టరమ్మ ఒకామె ఉందని నూలు వర్తకులు చెబితే బాపు మమ్మల్ని అక్కడికి తీసుకుపోయాడు. నేను లేకుండా వరాలు కదలనంది గనుక నన్నూ తీసుకుపోయారు. నాయనమ్మ కూడా బయల్దేరింది, డాక్టర్లు పిల్లకు అన్నం పెట్టి పాడుచేస్తారని. బొగ్గు పొగతో నడిచే బస్సు అది, ఎత్తు వచ్చినప్పుడల్లా అందరం దిగి నడవాలి. వరాలొక్కతే రాణిలా కూర్చుని ఉండేది.

డాక్టరమ్మ గుంటూరు వైపు ఆమె. సన్నగా, తెల్లచీరలో, గొంతెత్తకుండా మాట్లాడేది. వరాలును బల్ల మీద కూర్చోబెట్టి చాలాసేపు గుండె విన్నది. వేళ్లు పట్టి చూసింది. వేళ్ల కొసలు గరిటె చివరల్లా గుండ్రంగా ఉబ్బి ఉండేవి. ఈ రంగు ఎప్పటి నుంచి అని అడిగింది. బాపు నవ్వు ముఖంతో నీలిమందు కథ మొదలుపెట్టాడు. దోగాడేటప్పుడు తొట్టి ముట్టుకుందమ్మా, మా సరుకు అట్లాంటిది అన్నాడు. ఆమె నవ్వలేదు. తన గోరు చూపించి, "ఇది వారానికోసారి కత్తిరించుకుంటాను నేను. మీరో?" అంది. బాపు వంగి, వరాలు చెయ్యి తన చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. రంగుల వ్యాపారం ముప్పై ఏళ్లు చేసిన మనిషి.

"గోరు పెరుగుతది గద" అన్నాడు మెల్లగా, తనలో తనే. "ఎప్పుడో అంటిన రంగైతే కొసకు పోయి తెగిపోవాలె గద."

అంతే. ఆ తర్వాత ఆయన ఎవరికీ ఆ వేళ్లు చూపించలేదు.

డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. గుండెలో చిల్లు, ఊపిరితిత్తులకు పోయే దారి ఇరుకు. మొన్న పక్క వాటా పిల్లవాడికి గీసిన బొమ్మే, ఆమె పలక మీద గీసింది. అమెరికాలో కొన్నేళ్లుగా దీనికి ఆపరేషన్ చేస్తున్నారని, ఆ పని నేర్చిన సర్జను ఒకాయన ఈమధ్యే దక్షిణాన ఒక పెద్ద ఆసుపత్రికి వచ్చాడని, తనతో చదువుకున్న స్నేహితురాలు అక్కడి నుంచి ఉత్తరం రాసిందని చెప్పింది. ఆపరేషనంటే చిల్లు మూయడం కాదట. చేతికి రక్తం తీసుకుపోయే నాళాన్ని కోసి, మళ్లించి, ఊపిరితిత్తుల నాళానికి కుడతారు. ఇంకో దారి తెరిచినట్టు. బాపు తన జీవితంలో అడగని తీరులో, తగ్గించమని కాకుండా, ఎందరు బతుకుతారని అడిగాడు.

"లెక్క కట్టేంతమందికి ఇక్కడ ఇంకా చెయ్యలేదండీ" అంది ఆమె. "బల్ల మీదే పోవచ్చు. మీతో అబద్ధం చెప్పను."

ఆ తర్వాత అసలు ప్రశ్న అడిగింది. పిల్ల ఇంకో నాలుగేళ్లు పెరిగితే నాళాలు లావవుతాయి, కుట్టడం తేలిక, ఆగగలిగితే ఆగడమే మంచిది. అయితే పిల్ల నానాటికీ తగ్గిపోతుంటే ఆగకూడదు. అందుకని నిరుడు ఎంత దూరం నడిచేది, ఇప్పుడెంత నడుస్తోంది? బాపు నాయనమ్మ వైపు చూశాడు. నాయనమ్మ, నడుస్తదమ్మా, జర మొండిది అంది. ఎంత దూరమని మళ్లీ అడిగితే ఇద్దరికీ తెలియలేదు. ఇంట్లో తిరిగే పిల్ల అడుగులు ఎవరు లెక్కపెడతారు?

నేను లెక్కపెట్టాను. గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాను, వీపు చెమట పట్టి గోడకు అంటుకుంది. చెబితే బాపు చంపుతాడు. చెప్పకపోతే... ఆ రెండోది నేను పూర్తిగా అనుకోలేదు, నోరు దానంతట అదే తెరుచుకుంది. బతుకమ్మ ముందు గాజుల ఈరమ్మ దాకా నాలుగు వందల పైన, చలికాలంలో బెల్లం నర్సయ్య దాకా మూడు వందలు, ఉగాదికి పుట్నాల బుచ్చమ్మ దాకా నూట ఇరవై అని గడగడా అప్పజెప్పాను. డాక్టరమ్మ, అంత కచ్చితంగా ఎట్లా తెలుసమ్మా అంది. తప్పదని కొసరు సంగతంతా చెప్పేశాను.

బాపు ముఖం చూడలేదు నేను. గొంతు మాత్రం విన్నాను. "దీన్ని బేరానికి కూసోవెట్టినవా?"

"నేను కూసోవెట్టలే బాపూ. అదే కూసుంటది. ఎక్కడ కూసుంటదో ఆడ నేను బేరం వెట్టిన, అంతే."

డాక్టరమ్మ పెదవి కొరుక్కుంది. అది కోపమో నవ్వో ఇప్పటికీ తెలియదు. కాగితం తీసుకుని నా చేత మళ్లీ చెప్పించుకుని, దుకాణాల పేర్లతో సహా రాసుకుంది. ఇంత వివరంగా తనకెప్పుడూ ఏ తల్లీతండ్రీ చెప్పలేదంది. రాసినదంతా పైనుంచి కిందికి చూసి, ఆగడానికి వీల్లేదండీ అంది. ఆ కాగితమే దక్షిణాదికి ఉత్తరంతో పాటు వెళ్లింది.

జవాబు వచ్చేలోపు పిల్లను ఎట్లా కాపాడుకోవాలో చెప్పి పంపింది. లంఖణం మాట ఎత్తొద్దంది. ఒంట్లో నీళ్లు తగ్గితే దాని రక్తం చిక్కబడి ప్రాణం మీదికి వస్తుంది, అడిగినా అడగకపోయినా నీళ్లు తాగించాలి. ఏడవనివ్వొద్దు. పళ్లు పుచ్చనివ్వొద్దు, పంటి పుచ్చు గుండెకు పోతుంది. ఆయాసం వస్తే మోకాళ్లు గుండెకు అదమాలి. నాయనమ్మ బస్సులో దారిపొడుగునా మూతి ముడుచుకుని కూర్చుంది. మర్నాటి నుంచి చూడాలి ఆమెను. చెంబు పట్టుకుని వరాలు వెంట తిరిగేది. వేపపుల్ల తనే నమిలి మెత్తగా చేసి దాని పళ్లు తోమేది, తన నాలుగు పళ్లతో. పిల్ల ఏడుస్తుందేమోనని దాని ముందు మేమెవరం తుమ్మేందుకు కూడా లేదు. బాపు నన్ను కొట్టలేదు. వరాలును ఎత్తుకుని తిప్పే పని నాకిచ్చాడు. ఆ వానాకాలమంతా నేను దాని గుర్రాన్ని. బజారులో ఈరమ్మ నన్ను చూసినప్పుడల్లా, ఇయ్యాల ఏం తక్కువ చెయ్యాలె గుర్రమూ అని అడిగేది.

దసరా దాటాక రమ్మని ఉత్తరం వచ్చింది. కోదాడలో మేనత్త ఇంట్లో అందరం దిగాం, అక్కడి నుంచి బెజవాడ వెళ్లి రైలెక్కాలి. అత్త వరాలును చూసి గొల్లుమంది. ఆమెకు కోదాడ కాపురంతో మాట కొంచెం ఆంధ్రా వైపు తిరిగింది. "ఉన్నన్నాళ్లు ఉంటుంది, కోయించి చంపుకుంటావా అన్నయ్యా?" అంది. నాయనమ్మ బాపు వైపు చూస్తోంది. ఆమెకూ ఆ ప్రశ్నే ఉందని తెలుస్తూనే ఉంది. అమ్మ వరాలు తల దువ్వుతోంది, దువ్విన జడే మళ్లీ విప్పి దువ్వుతోంది.

"ఈ పోరి చెప్పిన అడుగులు ఇన్నవా నువ్వు?" అన్నాడు బాపు. "ఈరమ్మ కాడికెల్లి నర్సయ్య కాడికి, ఆడికెల్లి బుచ్చమ్మ కాడికి. ఇంటి దిక్కే వస్తున్నయి. ఇప్పుడు గడప కాడున్నయి. ఇగ నేను ఊకుంటే లోపటికి వస్తయి."

అత్త కొంగు నోట్లో కుక్కుకుంది. బాపు, అమ్మ, వరాలు మధ్యాహ్నం బస్సెక్కారు.

నేనూ నాయనమ్మా కోదాడలోనే ఉండిపోయాం. ఎన్నాళ్లో చెప్పలేను. రోజూ బెజవాడ బస్సు వచ్చే వేళకు రోడ్డు మీద నిలబడేదాన్ని. ఒక కార్డు వచ్చింది, అయిపోయింది, ఉన్నది అని రెండే ముక్కలు, బాపు చేతిరాత వంకరపోయి. మళ్లీ ఏమీ లేదు. చివరికి ఒకనాడు బస్సు దిగింది వరాలు, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా. బక్కగా ఉంది, చంక కింద పెద్ద కుట్టు. పెదవులు మాత్రం నేను ఎన్నడూ చూడని రంగులో ఉన్నాయి. నాయనమ్మ దాని వేళ్లు పట్టుకుని ఒక్కొక్క గోరూ వెలుతురుకు పెట్టి చూసి, నేత చీర పరీక్షించినట్టు తిప్పి తిప్పి చూసి, ఏడ్చింది. వరాలుకు ఆ ఏడుపు పట్టలేదు. నన్ను పక్కకు పిలిచి కుడిచెయ్యి చూపించి, ఇందులో నాడి కొట్టుకోదక్కా, ఆ నాళం గుండె కాడికి పోయింది అని గొప్పగా చెప్పింది. ఆ చేతి మణికట్టు పట్టుకుని ఎందరు కొత్త కాంపౌండర్లు తెల్లముఖం వేశారో. దానికి అదొక ఆట.

డాక్టర్లు తెరిచిన ఆ కొత్త దారి చాలా ఏళ్లు నడిచింది. పిల్ల పెరిగింది, దారి పెరగలేదు. ముప్పై దాటాక మళ్లీ మెట్లెక్కలేకపోతే, అప్పటికి గుండెను ఆపి కుట్టే యంత్రాలు వచ్చాయి గనుక, మద్రాసులో లోపలి చిల్లు మూసి ఇరుకు తెరిచారు. మొదటిది కాలం గడపడానికి, రెండోది బాగు చెయ్యడానికి అని అక్కడి డాక్టరు చెప్పాడు. బాగు చేశాక కూడా వదలలేదు. ఒక కవాటం కారుతుంటుంది, గుండె అప్పుడప్పుడు లయ తప్పుతుంది, పన్ను పీకాలన్నా ముందు మాత్రలు వేసుకోవాలి, ఏడాదికోసారి చూపించుకోవాలి. పెళ్లి చేసుకుంది, పిల్లల్ని వద్దన్నారు. మిర్యాలగూడలో రవికె బట్టల దుకాణం పెట్టి గద్దె మీద కూర్చుంది. ఏడాదికోసారి హైదరాబాదుకు దాని తోడు నేనే. ఇప్పటి పిల్లలకు కాలి వేలికి ఒక దీపం తగిలిస్తే అంకె వస్తుంది. మాకు అంకె రావాలంటే ఒక దొంగ అక్క కావాల్సి వచ్చింది. నేను దాన్ని మేలే అనుకుంటూ వచ్చాను. నా పాపమే దాన్ని బతికించిందని లోలోపల కొంచెం గర్వం కూడా ఉండేది, ఎందుకు దాచాలి.

ఆ గర్వానికి గండి కొట్టింది వరాలే. అది చూపించుకోవడానికి వెళ్లిన చివరి రెండు మూడుసార్లలో ఒకసారి. దానికి అరవై ఐదు దాటాయి. ఇద్దరం ఆసుపత్రి బెంచీ మీద, పిలుపు కోసం కూర్చున్నాం. ఎదురుగా ఎవరో పుట్నాల పొట్లం విప్పారు. వరాలు అటు చూసి నవ్వింది.

"అక్కా, బుచ్చమ్మ కాడ నేను అలిసి కూసున్ననంటవా?"

"మరి?"

"ఉడుకుడుకు ఏంచుతుండె. వాసన కొట్టింది. కూసుంటె పెడతరని నువ్వే నేర్పితివి గద."

డాక్టరమ్మ కాగితం, దక్షిణాదికి పోయిన ఉత్తరం, కోదాడలో బాపు అన్న మాట, అన్నీ ఒకదాని వెనక ఒకటి గుర్తుకు వచ్చాయి. మరి డాక్టరమ్మకు నేను అదే చెబుతుంటే నువ్వు ఆ బల్ల మీదే ఉన్నావు కదా, ఎందుకు చెప్పలేదని అడిగాను. చెబితే పుట్నాలు బందవుతాయనుకుందట. అంగట్లో పడిపోయింది మాత్రం నిజమేనంది, అంతకుముందు బుచ్చమ్మ దగ్గరిది అబద్ధమంది. నర్సయ్య బెల్లం దగ్గరి సంగతి అడిగితే పెదవి విరిచింది. ఒక్కోనాడు నిజమట, ఒక్కోనాడు బెల్లమట. ఛాతీ తెరిచిన సర్జను మాత్రం, ఇంకో ఎండాకాలం దాటేది కాదని బాపుతో అన్నాడు. అది నిజం. నా లెక్కలో ఎంత నిజమో నాకే తెలియకుండా పోయింది.

"ఎన్ని నిజం, ఎన్ని అబద్ధం, చెప్పవే" అన్నాను.

"నువ్వెన్నంటవు?"

"అన్నీ నిజమే."

అది తల అడ్డంగా ఊపింది. "జర తగ్గు."

"మూడొంతులు."

"ఇంక తగ్గు."

సగం అన్నాను. సగం ఎక్కువంది. అంతలో నర్సు పేరు పిలిచింది, వరాలు లేచి చీర సర్దుకుని, నేను లేవడానికి చెయ్యి ఇచ్చింది. తర్వాత ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు. అది పోయి మూడేళ్లయింది. నేనింకా తగ్గుతూనే ఉన్నాను.